రౌటరు తాళపుచెవి యెవరిచేత నుండవలెను?

విత్తనములు, ఎరువులు, పంటఋణములు, వాయిదాల వసూళ్లు: ఈ పత్రికలో ప్రతిమాసమును మేము వ్రాయు సంగతులివియే. ఈ మాసమున వానిని కొంత ప్రక్కకు జరిపి, సంఘకార్యాలయపు గోడకు తగిలించియుండు ఒక చిన్న పెట్టెను గూర్చి వ్రాయుచున్నాము. దానిని రౌటరందురు. అది జానెడు వెడల్పున నుండి, రెండు మూడు కొమ్ములతో, పచ్చని దీపములతో మిణుకుమిణుకుమనుచుండును. అది గుమాస్తా చూచుకొనవలసిన వస్తువు, కర్షకులకు దానితో నేమి నిమిత్తమని కొందరు సభ్యులు తలపవచ్చును. మేమును అట్లే తలచితిమి. ఆ తలపు వలననే ఒక ఖరీఫు మొదట మా సంఘమునకు నాలుగు దినముల పని చెడినది. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట మా యభిప్రాయమును మనవి చేయుదుము.

మా కార్యాలయమునకు క్రొత్త రౌటరు వచ్చినప్పుడు దానిని అమ్మిన దుకాణమువారు ఒక కుర్రవానిని పంపిరి. అతడు మర్యాదస్తుడు, పనిమంతుడు. అతనిపై మాకు ఫిర్యాదేమియు లేదు. పావుగంటలో పెట్టెను బిగించి, తన సెల్‌ఫోనులో దాని సెటప్పు సాఫ్ట్‌వేరును తెరచి, తన ఈమెయిలు పేరుతోనే ఖాతాను తెరచి, తనకు తోచిన పాస్‌వర్డును పెట్టి, కంప్యూటరులో ఇంటర్నెట్టు వచ్చుట చూపి, టీ త్రాగి వెళ్లిపోయెను. కార్యదర్శిగారు బిల్లు చెల్లించి రశీదు పుచ్చుకొనిరి. పాస్‌వర్డు ఏమని అడుగవలెనని వారికిగాని, అధ్యక్షులవారికిగాని, మాకుగాని తోచలేదు.

ఏడాది గడచెను. జూన్ మాసమున ఒకరాత్రి ఉరుములు మెరుపులతో వాన కురిసినది. తెల్లవారి చూడగా పెట్టెలో దీపములు వెలుగుచున్నను లైను రాలేదు. ఎవరో ఫోనులో చెప్పిన సలహాను బట్టి మా గుమాస్తా పెట్టె వెనుకనున్న సన్నని రంధ్రములో గుండుసూది గ్రుచ్చి పది సెకనులు నొక్కిపట్టెను. దానితో పెట్టె కొన్ననాటి స్థితికి వచ్చినది. లైను ఇచ్చిన సంస్థవారు మనకు కేటాయించిన యూజరు పేరు, దాని పాస్‌వర్డు, వైఫై పేరు, సమస్తమును తుడిచిపెట్టుకొని పోయినవి. అవి వ్రాసిన కాగితము కార్యాలయములో ఎక్కడను లేదు. ఆ కుర్రవాడు దుకాణము మాని విశాఖపట్టణము వెళ్లెనట, ఫోను నంబరు మార్చెనట. పంటఋణముల తిరగవ్రాతకై వచ్చిన రైతులు నాలుగు దినములు అరుగుమీద కూర్చుండి, నారుమళ్లు వదలి వచ్చితిమని గొణుగుకొనుచు పోయిరి. వారిలో ఒక పెద్దాయన, తాను మూడు మైళ్లు నడచి వచ్చినవాడు, "ఆ పెట్టెకు తాళము ఎవరు వేసినారయ్యా?" అని అడిగెను. ఆయన వేళాకోళమునకే అడిగియుండవచ్చును. మాకు మాత్రము సమాధానము దొరకలేదు. అయిదవనాటికి లైను సంస్థవారి మనిషి వచ్చి క్రొత్త పేరిచ్చి పని నడిపించినాడు.

ఇందులో తప్పు మాదే. సంఘపు ఇనుప పెట్టె తాళపుచెవులను ఒకటి అధ్యక్షులయొద్దను, ఒకటి కార్యదర్శియొద్దను ఉంచి, పుస్తకములో వ్రాసికొని, చేతులు మారినప్పుడెల్ల సంతకములు పుచ్చుకొను మేము, ఈ పెట్టె తాళపుచెవిని మాత్రము దారినపోవు మనిషి జేబులో వేసి పంపితిమి.

రౌటరు చేయు పని మన సభ్యులకు తెలియనిది కాదు. వంశధార ఎడమకాలువ క్రిందనో, తోటపల్లి కాలువ క్రిందనో సేద్యము చేయువారికి తూము సంగతి చెప్పనక్కరలేదు. పెద్దకాలువనుండి వచ్చు నీటిని పిల్లకాలువలకు విడదీసి, ఏ మడికి చేరవలసిన నీరు ఆ మడికే పంపునది తూము. ఇంటర్నెట్టను పెద్దకాలువనుండి వచ్చు సమాచారమును కార్యాలయములోని కంప్యూటరునకు, ముద్రణయంత్రమునకు, వ్రేలిముద్ర తీయు పరికరమునకు విడదీసి పంపునది రౌటరు. బయటివారికి మన కార్యాలయమంతయు ఒకే చిరునామాతో కనబడును. లోపలి యంత్రములకు రౌటరు వేరు చిరునామాలు పంచిపెట్టును. ఇట్టి లోపలి వాడుకకై కొన్ని అంకెలను 1996లో ప్రత్యేకించి యుంచిరి. 192.168 అను అంకెలతో మొదలగు చిరునామాలు వానిలోనివే. అందుచేతనే శ్రీకాకుళములో రౌటరును తెరచు చిరునామాయు, లండనులో తెరచు చిరునామాయు తరచుగా ఒక్కటే యగును. తూమువద్ద లష్కరు ఉండును. మన రౌటరునకు లష్కరెవరు? మేము అడుగునదంతయు ఈ ప్రశ్నయే.

మునుపు ఈ ప్రశ్నకు ఇంత బరువు లేదు. ఆవర్జాయు చిట్టాయు చేతివ్రాతతో నడచిన దినములలో కంప్యూటరు చెడిపోయినను సంఘము నడచుచుండెడిది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. నాబార్డు దానిని నడిపించుచున్నది. దేశమంతటికిని ఒకే విధమైన సాఫ్ట్‌వేరు, లెక్కలన్నియు దూరముననున్న సర్వరులో భద్రపరచుట, అచ్చటినుండియే చూచుట: ఇది దాని పద్ధతి. మంచి పథకమే. దొంగలెక్కలు తగ్గును, తనిఖీ త్వరపడును. కాని రైతు పేరు, భూమి వివరము, ఆధారు సంఖ్య, బాకీ మొత్తము ఇప్పుడు ఆ చిన్న పెట్టె గుండనే పోవుచు వచ్చుచు నున్నవి. సంఘమునకు అది వీధితలుపైనది.

ఇక ఆ పెట్టెను నిలుపు పద్ధతిని గూర్చి. పదునైదు ఇరువది యేండ్ల క్రిందట రౌటరుతోకూడ ఒక సీడీ ఇచ్చెడివారు. దానిని కంప్యూటరులో వేసినచో సెటప్పు సాఫ్ట్‌వేరు లేచి, ఏ తీగను ఏ రంధ్రములో పెట్టవలెనో బొమ్మలతో చూపి, ప్రశ్నకు ప్రశ్నగా అడిగి అమరికలు పూర్తి చేసెడిది. ఇప్పుడు కంప్యూటరులకు సీడీ పెట్టు చోటే లేకపోయినది. కంపెనీలు సెల్‌ఫోను యాప్ వేసికొనుమనుచున్నవి. అది సులభమే. అయినను మా సలహా యేమనగా, సంఘకార్యాలయములో రౌటరును కంప్యూటరునకు తీగతో కలిపి, బ్రౌజరులో దాని పుటను తెరచియే అమర్చుట మేలు. ఆ పుట చిరునామాయు, మొదటి పాస్‌వర్డును పెట్టె అడుగున అంటించిన చీటీపై నుండును. ఈ మార్గములో ఎవరి సొంత ఫోనును, ఎవరి సొంత ఈమెయిలును నడుమ రావు. కొన్ని పెట్టెలు యాప్ లేనిదే తెరచుకొనవు. అట్టివానిని కొనకుండుట మంచిది. కొనియుంటిమేని సంఘము పేర ఒక ఈమెయిలు తెరచి దానితోనే ఖాతా నమోదు చేయవలెను. యాప్‌ను కంపెనీవారి పుటనుండియో, ఫోనులోని అధికారపు యాప్ దుకాణమునుండియో మాత్రమే తెచ్చుకొనవలెను. రౌటరు సాయమునకని ఇంటర్నెట్టులో వెదకినప్పుడు కనబడు కస్టమరు కేరు నంబరులలో మోసగాండ్ర నంబరులును కలసియుండును. వారు తియ్యగా మాటలాడి, మన తెరను దూరమునుండి చూచు యాప్‌ను వేయించి, బ్యాంకు ఖాతావరకు చేతులు చాపుదురు. అట్టిది జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పుట తెరచిన తరువాత మొట్టమొదట చేయవలసినది నిర్వాహకుని పాస్‌వర్డును మార్చుట. ఇచ్చట రెండు పాస్‌వర్డులున్నవని మా గుమాస్తాకు ఏడాదివరకు తెలియలేదు, మాకును తెలియలేదు. ఒకటి వైఫై వాడుకొనుటకు. రెండవది రౌటరునే తెరచి అమరికలు మార్చుటకు. మొదటిది పందిరిలో కూర్చుండనిచ్చుట వంటిది, రెండవది ఇల్లు వ్రాసి యిచ్చుట వంటిది. రెంటికిని ఒకే మాట పెట్టినవారు, వైఫై అడిగిన ప్రతి అతిథికిని ఇల్లు వ్రాసి యిచ్చినట్లే. పిమ్మట లైను సంస్థవారిచ్చిన యూజరు పేరును నింపవలెను. వైఫైకి డబ్ల్యూపీఏ2 గాని, పెట్టెలో నుండినచో డబ్ల్యూపీఏ3 గాని యెన్నుకొనవలెను. డబ్ల్యూఈపీ అను పాతకాలపు రక్షణ 2001 నాటికే పనికిరానిదని తేలిపోయినది.

బొత్తాము నొక్కిగాని, ఎనిమిది అంకెల పిన్ను చెప్పిగాని యంత్రములను కలుపు డబ్ల్యూపీఎస్ అను సౌకర్యమును ఆపివేయవలెను. ఎనిమిది అంకెలన్నచో కోట్లకొలది సంఖ్యలు గదా, ఎవడు కనిపెట్టునని అనుకొందుము. రౌటరు ఆ పిన్నును రెండు ముక్కలుగా విడదీసి సరిచూచుననియు, చివరి అంకె మిగిలినవానినుండి లెక్కకట్టబడునదే కావున సుమారు 11,000 ప్రయత్నములలో అది దొరకిపోవుననియు 2011 డిసెంబరులో వెల్లడియైనది. దూరమునుండి రౌటరును నడుపు సౌకర్యమును గూడ మూసియుంచవలెను. అరుగుమీద కూర్చుండు రైతులకు వైఫై ఇయ్యదలచినచో, ఇయ్యవలెననియే మేమందుము, అతిథుల వైఫై అని వేరుగా నొకటి దాదాపు ప్రతి క్రొత్త పెట్టెలోను ఉండును. దానిని ఇచ్చినచో వారి ఫోనులు సంఘపు కంప్యూటరు జోలికి రావు.

అన్నియు సరిపడిన తరువాత ఆ అమరికలను ఒక ఫైలుగా దించుకొనుటకు అదే పుటలో వీలుండును. దానిని పెన్‌డ్రైవులో పెట్టి దాచినయెడల, గుండుసూది గ్రుచ్చిన నాడు నాలుగు దినముల పని పది నిమిషములలో తీరును. ఈ ముక్క మాకు ముందు తెలిసియుండినచో ఈ వ్యాసమే లేదు.

పెట్టెను పెట్టు చోటును గూర్చియు ఒకమాట. కొన్ని సంఘములలో భద్రమని దానిని ఇనుప బీరువాలో పెట్టి, వైఫై రాలేదని విచారించుచుండుట చూచితిమి. ఇనుము తరంగములను పోనీయదు. గోడపై, ఎత్తున, గాలి తగులుచోట నుండవలెను.

పాస్‌వర్డు మార్పనిచో ఏమగునో లోకము చూచియున్నది. డీఎన్ఎస్ ఛేంజరను దుష్ట సాఫ్ట్‌వేరు కంప్యూటరులలోను, కొన్ని రౌటరులలోను చిరునామాలు వెదకు అమరికను మార్చివైచి, జనులు తెరచిన పుటకు బదులు మోసగాండ్ర పుటకు చేర్చుచుండెను. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్పని రౌటరులే దానికి చిక్కినవి. అమెరికా పోలీసులు 2011 నవంబరులో ఆ ముఠాను బయటపెట్టిరి. ఆ మోసపు సర్వరులను ఒక్కమారు మూసినచో లక్షలమందికి ఇంటర్నెట్టు ఆగిపోవునని, వానికి బదులు మంచి సర్వరులను పెట్టి 2012 జూలై 9వ తేదీవరకు నడుపవలసివచ్చినది. 2016లో మిరాయి అను మరియొకటి, కంపెనీలవారు పెట్టిన అరువదికి పైబడిన పేర్లు పాస్‌వర్డుల జాబితా పట్టుకొని, కెమేరాలను రౌటరులను లక్షలుగా వశపరచుకొని, ఆ యేడు అక్టోబరు 21న అమెరికాలో పెద్దపెద్ద పుటలను గంటలకొలది తెరచుకొననీయలేదు. తరువాతనే చట్టములు కదలినవి. ప్రతి పెట్టెకును ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మరాదని కాలిఫోర్నియాలో 2020 జనవరినుండియు, బ్రిటనులో 2024 ఏప్రిలునుండియు నిబంధనలు అమలులోనికి వచ్చినవి.

దొంగలమాట యట్లుండగా, అమ్మిన కంపెనీయే తాళము మార్చినచో నేమి చేయవలెను? ఇదియు జరిగినదే. 2012 జూన్ చివర సిస్కో కంపెనీ, నాడు తన యధీనములో నున్న లింక్‌సిస్ రౌటరులు కొన్నింటికి తనంతట తానే క్రొత్త సాఫ్ట్‌వేరును పంపినది. మరునాడు తమ రౌటరును తెరవబోయిన యజమానులకు ఎప్పటి పుట కనబడలేదు. కంపెనీవారి క్లౌడులో ఖాతా తెరచి లోపలికి రమ్మను పుట కనబడినది. డబ్బిచ్చి కొన్న పెట్టె, గోడమీద నున్న పెట్టె, దాని తలుపు మాత్రము పరదేశమందలి సర్వరులో! జనులు గోలపెట్టగా కొద్దిదినములలోనే కంపెనీవారు క్షమాపణ చెప్పుకొని, పాత పద్ధతికి పోవు మార్గము చూపిరి. మరుసటి యేడు లింక్‌సిస్‌ను బెల్కిన్ కంపెనీకి అమ్మివేసిరి. సెటప్పు సాఫ్ట్‌వేరు వలదని మేమనుటలేదు. రౌటరు లోపముల దిద్దుబాట్లు దానిగుండ వచ్చుచుండును; వానిని వేసికొనవలెను. తాళపుచెవి దానిలోనే యుండి మనయొద్ద లేకపోవుటకే మా యాక్షేపణ.

ఈ మాటలను మా పాలకవర్గ సమావేశములో చెప్పినప్పుడు రెండు అడ్డుమాటలు వచ్చినవి. మన కార్యదర్శులకు ఇంగ్లీషు పుటలు చదివి ఇవన్నియు చేయు నేర్పు లేదని ఒక డైరెక్టరుగారు సెలవిచ్చిరి. మేమొప్పుకొనము. చక్రవడ్డీయు, వడ్డీ రాయితీయు, గడువుమీరిన బాకీలును చేతితో లెక్కగట్టి ఆడిటరును ఒప్పించువారు, ఆరేడు గళ్లు నింపలేరా? మొదటిమారు దుకాణపు మనిషి పక్కన నుండవచ్చును. కీబోర్డుపై వ్రేళ్లు మాత్రము కార్యదర్శివి కావలెను. పాస్‌వర్డును పుస్తకములో వ్రాసినచో పదిమంది చూతురని రెండవవారు. ఇది సరియైన మాట. కావుననే పుస్తకములో వ్రాయరాదు. కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, అంటించినచోట అధ్యక్షులును కార్యదర్శియు సంతకములు చేసి, ఇనుప పెట్టెలో నుంచవలెను. పుస్తకములో కవరు ఉన్నదనియు, ఏ తేదీన ఎవరు తెరచిరనియు మాత్రమే వ్రాయవలెను. కార్యదర్శి బదిలీయైనను, విరమించినను పాస్‌వర్డు మార్చి క్రొత్త కవరు పెట్టవలెను. బదిలీ దస్తావేజులో రొక్కము, స్టాకు, తాళపుచెవులు అని వ్రాయుచోట ఈ కవరును చేర్చిన చాలును.

దూరపు సాంకేతిక సంస్థలు అన్నియు చూచుకొనునను ధైర్యము కొందరిది. 2024 జూలై 31న సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు సేవచేయు ఒక సాంకేతిక సంస్థపై జరిగిన దాడివలన దేశములో సుమారు 300 చిన్న బ్యాంకులను చెల్లింపుల వ్యవస్థనుండి తాత్కాలికముగా విడదీయవలసివచ్చినది. మరునాటికి తిరిగి కలిపిరి. అచ్చట జరిగినదానికి పల్లెలోని రౌటరు కారణము కాదు, దానిని మనము ఆపగలిగినదియు లేదు. పైనున్నవారికే ఇట్లగునప్పుడు మన గడపలోని పనినైనను మనము చూచుకొనవలెను గదా.

మన తీరమునకు మరియొక చిక్కున్నది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస చెంత తీరము దాటిన తిత్లీ: ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చిన ఆ గాలులలో కరెంటు స్తంభములును, ఫోను గోపురములును నిలువలేదు. అట్టి దినములలో ఏ పాస్‌వర్డును పనిచేయదు. లైను పోయి కరెంటు ఉన్నప్పుడు, కరెంటు పోయి లైను ఉన్నప్పుడు మాత్రము కొంత చేయవచ్చును. రౌటరు చాలవరకు 12 వోల్టులతో నడచు చిన్న పరికరము. దానికి సరిపడు చిన్న బ్యాటరీ పెట్టెలు అమ్ముచున్నారు, కొన్ని గంటలు నడుపును. ఉరుములు వినబడినంతనే దాని కరెంటు ప్లగ్గును ఊడదీయుట ఖర్చులేని పని. మా పెట్టె విషయములో ఆ పనియే జరుగలేదు. లైను తీగ రాగిదైనచో దానినిగూడ ఊడదీయవలెను. అక్టోబరు నవంబరులలో వారమునకొకమారు సభ్యుల బాకీ నిల్వల జాబితాను కాగితముపై అచ్చువేసి యుంచుట మా సంఘములో మొదలుపెట్టితిమి. కంప్యూటరీకరణ జరిగిన తరువాత కాగితమేల యని తనిఖీకి వచ్చినవారు నవ్విరి. తిత్లీ తరువాతి వారము ఇచ్చట నుండినవారెవరును నవ్వరు.

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ తీర్మానమును మేము ప్రతిపాదింపనున్నాము: "సంఘపు రౌటరు, దాని ఖాతా, దాని పాస్‌వర్డులు సంఘపు ఆస్తి. వానిని సంఘము పేరనే నమోదు చేయవలెను. ప్రతి యేటను ఖరీఫు ఋణముల పనికి ముందు, మే నెలలో, కార్యదర్శి పాలకవర్గము ఎదుట రౌటరు పుటను తెరచి చూపవలెను." ఇరుగుపొరుగు సంఘములవారును ఇట్టిదొకటి చేయుదురేని, లేక ఇంతకన్న మంచి పద్ధతి వారియొద్ద నుండినచో మాకు వ్రాయుదురేని, దానిని ఈ పత్రికలోనే ప్రకటింతుము. సభ్యులు కార్యాలయమునకు వచ్చినప్పుడు కవరు ఉన్నదా యని కార్యదర్శిగారిని అడుగవచ్చును. కవరు చూపవలసినదే, తెరువనక్కరలేదు. మా కవరు ఇనుప పెట్టెలో పైయరలో, వాటాల పుస్తకము ప్రక్కన ఉన్నది. మే నెల రెండవ సోమవారమున తెరచెదము.